మంచు మీద మేడి నొక్కినట్టు: నెల్లూరు నుంచి గుల్మార్గ్‌కి

కాశ్మీరు గుల్మార్గ్‌లో మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకుని ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. స్కీ బూట్లు బిగిసిన చోట పిక్కల మీద కమిలిన గుర్తులు ఇంకా నల్లగానే ఉన్నాయి. అవి మాసిపోయేలోపు ఇదంతా రాసేయాలని కుట్టుమిషన్ పక్కకి జరిపి కూర్చున్నాను.

మేం పదకొండు మందిమి. పొద్దున్నే నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో నడిచేవాళ్లం. మూడేళ్ల కింద మనాలి పోయి మంచు చూసొచ్చాం. చూడటమంటే ముట్టుకోవడం, ఫొటోలు దిగడం, వణుక్కుంటూ తిరిగి రావడం. అక్కడ ఎనిమిదేళ్ల పిల్ల ఒకతి కాళ్లకి రెండు పలకలు తగిలించుకుని కొండ మీద నుంచి జారుకుంటూ వచ్చి, మాకు మూరెడు దూరంలో ఠక్కున ఆగింది. జారడం కాదు, ఆ ఆగడం మా కళ్లలో నిలిచిపోయింది. ఇంకోసారి వస్తే నేర్చుకోవడానికే రావాలని అప్పుడే అనుకున్నాం. నెలకి వెయ్యి చొప్పున చీటీలాగా రెండేళ్లు వేసుకున్నాం. చివర్లో తలా ఇంకో పన్నెండు వేలు కలిపితే సరిపోయింది.

నాది స్టోన్‌హౌస్‌పేటలో టైలరింగ్ షాపు. పడితే తుంటికి దెబ్బ తగలకుండా దళసరి ఫోమ్ పెట్టి అందరికీ మెత్తలు కుట్టాను, నడుముకి కట్టుకునేట్టు నాడాలతో సహా. మాలో పెద్దాయన రొయ్యల బాబాయి, 61 ఏళ్లు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంతలున్నాయి. అంతకు ముందు ముప్పై ఏళ్లు వరి చేసిన మనిషి. మందుల షాపు అన్న, మెకానిక్ భాయ్, అంగన్‌వాడీ అక్క, మా మేనకోడలు, ఇంకా మిగతా వాళ్లు. భాయ్‌కి ఉర్దూ వచ్చు కాబట్టి దారంతా మా నోరు ఆయనే.

ఫిబ్రవరి 5, 2024, శ్రీనగర్

పొద్దున ఏడుకే పాత ఊళ్లోకి పోయాం, హరీసా తినాలని. ఇది చలికాలంలోనే వండుతారు. నేలలో పాతిన పెద్ద కుండలో మాంసం, బియ్యం, సోంపు, దాల్చినచెక్క, యాలకులు వేసి రాత్రంతా ఉడికిస్తారు. తెల్లారేసరికి కర్రతో కలిపి కలిపి ముక్క అన్నదే లేకుండా చేస్తారు. కొట్టు యజమాని కుండ పక్కనే ఎత్తుగా కూర్చుని, గరిటెతో పళ్లెంలోకి వేసి, పైన కాగిన నూనె పోశాడు. చుయ్‌మంది. గిర్దా అనే గుండ్రటి రొట్టె తుంచుకుని అద్దుకోవాలి. నోట్లో పెట్టుకుంటే మన రంజాన్ హలీం గుర్తొచ్చింది గానీ, ఇందులో గోధుమ లేదు, మసాలా ఘాటు లేదు. మాంసం రుచే నిలబడి ఉంది. ఏడుగురం తిన్నాం, పద్నాలుగు వందలైంది. తొమ్మిది గంటలకల్లా కుండ ఖాళీ.

మాంసం తినని నలుగురికీ ఏం దొరుకుతుందోనని దిగులుపడ్డాం. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో అన్నం, హాక్ అనే ఆకుకూర, పెరుగులో వండిన తామర తూళ్లు పెట్టారు. అన్నం! ఢిల్లీ నుంచి రెండు రోజులు రొట్టెలతోనే నెట్టుకొచ్చిన మాకు ఆ పళ్లెం చూసి ప్రాణం లేచొచ్చింది. కాశ్మీరీలు మనలాగే అన్నం తినే జనం. వాళ్ల భాషలో అన్నాన్ని బత్త అంటారు. గింజ పొట్టిగా, లావుగా, కొంచెం జిగురుగా ఉంది. బాబాయి ఒక మెతుకు రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, "మన మొలగొలుకులంత సన్నం కాదు గానీ, కమ్మగుండాది" అన్నాడు. వడ్డించే కుర్రాడికి భాయ్ ఆ మాట ఉర్దూలో చెప్పగానే ఇంకో గిన్నెడు తెచ్చి బాబాయి పళ్లెంలో బోర్లించాడు. వద్దన్నా వినలేదు. పళ్లెంలో అన్నం అయిపోనివ్వకపోవడం అక్కడి మర్యాద.

ఇక ఫెరన్ గురించి చెప్పాలి. నా వృత్తి నన్ను ఊరుకోనీయదు కదా. మోకాళ్ల దాకా వచ్చే వదులైన ఉన్ని అంగీ అది. నడుము దగ్గర కత్తిరింపు లేదు, భుజం కుట్టు కిందికి జారి ఉంటుంది, చంకలో చాలా వదులు. ఎందుకంత వదులో వీధిలో నడిచేవాళ్లని చూస్తే తెలిసింది. చాలామందికి ఒక చెయ్యి ఖాళీగా వేలాడుతోంది. నాకు గుండె గతుక్కుమంది. తీరా చూస్తే ఆ చెయ్యి లోపల ఉంది, కాంగ్డీ పట్టుకుని. వెదురు బుట్టలాంటి అల్లిక, అందులో మట్టి పాత్ర, పాత్రలో నిప్పులు. మన కుంపటినే మనిషి కడుపు దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాడన్న మాట. ఆ నిప్పుకి చోటివ్వడానికే అంత వదులు. ఒక బట్టల కొట్టులో ఫెరన్ తిరగేసి లోపలి కుట్లు చూస్తుంటే, ముసలాయన అడ్డు చెప్పకపోగా కొలతలన్నీ చేత్తో చూపించాడు. కొనలేదు, అయినా టీ తాగించాడు.

ఫిబ్రవరి 6, టంగ్‌మార్గ్ మీదుగా

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్లు. చివరి పదమూడు టంగ్‌మార్గ్ నుంచి పైకి. అక్కడ బండి ఆపి చక్రాలకి గొలుసులు చుడతారు. ఆగీ ఆగకముందే బూట్లు, కోట్లు అద్దెకిచ్చేవాళ్లు చుట్టుముట్టారు. పైన ఏమీ దొరకవని చెప్పి జత బూట్లకి మూడు వందలు అడిగారు. తొందరలో ఆరుగురం తీసేసుకున్నాం. పైన అవే బూట్లు నూట యాభైకి ఉన్నాయి. వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి: టంగ్‌మార్గ్‌లో బండి దిగకండి.

దేవదారు చెట్ల మధ్య మలుపులు తిరిగి పైకెక్కాక ఒక్కసారిగా పళ్లెంలాంటి మైదానం. చుట్టూ అడవి, వెనక అఫర్వత్ కొండ. ఎండాకాలం గోల్ఫ్ ఆడే పచ్చిక అంతా తెల్లగా కప్పబడిపోయి ఉంది. ఎత్తు 2,650 మీటర్లు. పూర్వం గౌరీమార్గ్ అనేవారట, యూసుఫ్ షా చక్ అనే సుల్తాను గుల్మార్గ్ అని పేరు మార్చాడని చెబుతారు. పూల మైదానం అని అర్థం. 1927లో బ్రిటిష్ వాళ్లు ఇక్కడ స్కీ క్లబ్ పెట్టారు. అంటే ఈ కొండ మీద జారడం మొదలై వందేళ్లు కావస్తోంది.

గదిలో బుఖారీ అని రేకు పొయ్యి, అందులో కట్టెలు. సంచి విప్పితే కొబ్బరినూనె రాయి అయిపోయింది. ఆవకాయ జాడీలో నూనె మందంగా పేరుకుంది. అంగన్‌వాడీ అక్క రెండిటినీ బుఖారీకి జానెడు దూరంలో పెట్టింది. కాసేపటికి గదంతా ఆవకాయ వాసన. ఆ రాత్రి కందిపొడి, నెయ్యి, వేడి అన్నం తిని దుప్పట్లలో దూరాం. బయట మైనస్ తొమ్మిది.

ఫిబ్రవరి 7, మొదటి పాఠం

మా గురువు ముప్పై అయిదేళ్ల కుర్రాడు. టంగ్‌మార్గ్ కింద పల్లె. ఎండకి, మంచు మీది వెలుగుకి కళ్లద్దాల మేర తప్ప మొహమంతా కమిలి ఉంది. అయిదుగురికి కలిపి రోజుకి మూడు వేలు మాట్లాడుకున్నాం. పలకలు, బూట్లు, కర్రలు మనిషికి ఎనిమిది వందలు. మిగతా ఆరుగురూ వాళ్ల అన్న దగ్గర.

స్కీ బూటు వేసుకోవడమే ఒక పని. కాలు సిమెంటులో పెట్టినట్టుంటుంది. చీలమండ వంగదు, మోకాలు ముందుకి వంచి నడవాలి. బూటు ముందు కొన పలక మీది పట్టులో దోపి, మడమని గట్టిగా కిందికి తొక్కితే 'టక్' మంటుంది. ఆ టక్ వినపడేదాకా కాలు మనది. విన్నాక మంచుది.

జారడం నేర్పలేదు. ముందు పడటం నేర్పాడు. పక్కకి పడాలి, తుంటి మీద, చేతులు ముందుకి. లేవడం ఇంకా కష్టం. పలకలు రెండూ వాలుకి అడ్డంగా పెట్టుకుని, కర్ర ఊతంతో లేవాలి. అడ్డంగా పెట్టకపోతే లేచీ లేవకముందే మళ్లీ పోతాయి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేను ఇరవై ఆరు సార్లు పడ్డాను. లెక్క మా మేనకోడలు పెట్టింది. మెత్తలు బాగా ఆదుకున్నాయి.

ఆగడానికి స్నో ప్లౌ అని ఒక పద్ధతి. పలకల ముందు కొనలు దగ్గరికి తేవాలి, వెనక మడమలు దూరంగా తొయ్యాలి, లోపలి అంచుల మీద బరువు వెయ్యాలి. వినడానికి ఇంతే. జారుతున్నప్పుడు భయానికి ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది. వెనక్కి వాలామా, ముందు కొనలు తేలిపోతాయి, అంచులకి పట్టు ఉండదు, పలకలు మనల్ని ఎత్తుకుపోతాయి. భయపడిన కొద్దీ వేగం పెరుగుతుంది. మందుల షాపు అన్న అలాగే పోయి కంచెకి కట్టిన వలలో పడ్డాడు. దెబ్బేం తగల్లేదు గానీ ఆ పూటకి ఇంక లేవనన్నాడు.

ఫిబ్రవరి 8, బాబాయి నాగలి

రాత్రి అందరికీ ఒళ్లు పులిసిపోయింది. పొద్దున సగం మంది మంచం దిగలేదు. బాబాయి మాత్రం అయిదుకే లేచి, బుఖారీ రాజేసి, వేణ్నీళ్లు పెట్టి కూర్చున్నాడు.

వాలు దగ్గర గురువు మళ్లీ స్నో ప్లౌ అన్నాడు. బాబాయి భాయ్‌ని అడిగాడు, ఆ మాటకి అర్థం ఏందని. "ప్లౌ అంటే నాగలి, బాబాయ్" అన్నాడు భాయ్. బాబాయి పలకల కేసి చూసుకున్నాడు. ముందు కొనలు దగ్గరగా, వెనక వెడల్పుగా. రెండు కర్రలూ తీసి నాకిచ్చేశాడు. చేతులు రెండూ ముందుకి చాపి, కనపడని మేడి, అంటే నాగలి పిడి, ఒకటి పట్టుకున్నట్టు పిడికిళ్లు బిగించాడు. మోకాళ్లు వంచాడు. వదిలాడు.

మెల్లగా, ఎక్కడా తొట్రు పడకుండా, దుక్కి చాలు పోయినట్టు తిన్నగా కిందికి పోయి, ఆగాల్సిన చోట ఆగాడు. వెనక రెండు గీతలు మిగిలాయి. గురువు ఈల వేశాడు.

పైకి నడిచొచ్చాక అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నా. "ఏముందమ్మా ఇందులో. మేడి నొక్కితే కర్రు లోతుకి దిగద్ది, ఎద్దులు నిదానిస్తయ్. వదులు చేస్తే తేలద్ది, పరిగెత్తుతయ్. ఇదీ అంతే. ఎద్దుల వెనక నడిచేవోడు ఎప్పుడైనా ఎనక్కి వాలతాడా? వాలితే నాగలి చేతిలో నుంచి పోద్ది."

నేను ఆ మాట పట్టుకున్నాను. నాకు దుక్కి తెలీదు. కానీ కుట్టుమిషన్ పెడల్ తెలుసు. మందం బట్ట వచ్చినప్పుడు ముందుకి వంగి, బట్ట మీద కన్ను పెట్టి, పాదం ముందు భాగంతో నిదానంగా నొక్కుతాం. వెనక్కి వాలి తొక్కితే సూది విరుగుతుంది. అలా అనుకుని మోకాళ్లు వంచి, బూటు నాలుకకి ముంగాలు ఆనించి వదిలాను. ముప్పై అడుగులు పోయి ఆగాను. నా అంతట నేను ఆగాను! అంగన్‌వాడీ అక్క ఊడ్పు కూలీల ఇంట్లో పుట్టిన మనిషి. నాట్లప్పుడు బురదలో కాలు తీసి వేసే తీరు తెలుసు కనుక, వాలు మీద పక్క అడుగులతో పైకెక్కడం అందరికంటే ఆమెకే ముందు పట్టుబడింది.

మధ్యాహ్నం గురువు తన దగ్గరికొచ్చే వేరే వాళ్లకి కూడా చేతులు ముందుకి చాపి చూపించడం మొదలుపెట్టాడు. "హల్ పకడో" అంటున్నాడు. నాగలి పట్టమని.

ఫిబ్రవరి 9, గొండోలా, తప్పిపోయిన దారి

గొండోలా అంటే కేబుల్ కారు. రెండు దశలు. మొదటిది 1998లో మొదలైంది, కొంగ్‌డూరి దాకా, సుమారు 3,080 మీటర్లు. రెండోది 2005లో, అఫర్వత్ భుజం మీదికి, దాదాపు నాలుగు వేల మీటర్లు. రెండో దశ నుంచి జారడం ఆరితేరిన వాళ్ల పని, ఊపిరాడటం కూడా కష్టం అని గురువు చెబితే కొంగ్‌డూరితోనే ఆగాం. అక్కడ రేకుల కింద వేడి రాజ్‌మా, అన్నం, పళ్లెం రెండొందల యాభై. ఎత్తుకి, చలికి ఆ ధర నాకు ఎక్కువనిపించలేదు. బియ్యం, గ్యాసు అన్నీ పైకి మోసుకురావాలి కదా.

కిందికొచ్చాక నేను, మా మేనకోడలు, మందుల షాపు అన్న నడిచి గుడి చూసొద్దామని బయల్దేరాం. 1915లో కట్టిన శివాలయం, మిట్ట మీద, ఎర్ర కప్పు. మెట్ల మీద మంచు ఊడ్చి ఉంచారు. దణ్ణం పెట్టుకుని, 1902 నాటి రాతి చర్చి కూడా చూద్దామని మైదానానికి అడ్డంగా పడ్డాం. అదే తప్పు. నడిచిన బాట వదలకూడదు. కాసేపటికి మబ్బు దిగింది. చర్చి లేదు, గుడి లేదు, పై నుంచి కింది దాకా ఒకటే తెలుపు. మోకాలి లోతు దిగబడుతున్నాం. ఒక చోట మా మేనకోడలు నడుము దాకా పోయింది, కింద ఏదో చిన్న కాలవ. లాగి బయట పడేశాం గానీ బూటు నిండా మంచు.

స్లెడ్జి లాగే పెద్దాయన ఒకాయనకి మా కేకలు వినపడ్డాయి. ఆయన చెక్కబండిని తాడుతో ఈడ్చుకుంటూ వచ్చి, పిల్లని దాని మీద కూర్చోబెట్టి, మమ్మల్ని తన అడుగుల్లో అడుగులు వెయ్యమన్నాడు. పావుగంటలో రోడ్డెక్కించాడు. పక్కనే రేకుల షెడ్డు. కాంగ్డీ పిల్ల కాళ్ల దగ్గర పెట్టి, గులాబీ రంగులో ఉప్పు టీ ఇచ్చాడు. నూన్ చాయ్. మొదటి గుక్క వింతగా ఉంది, రెండో గుక్కకి ఒళ్లు వెచ్చబడింది. అయిదొందలు చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "బండి ఎక్కితే డబ్బు. దారి చూపిస్తే డబ్బు లేదు" అన్నాడు, అన్న తన కొద్దిపాటి హిందీతో అర్థం చేసుకున్నంతలో. ముందు రోజు స్లెడ్జి వాళ్లు వెంటపడుతుంటే విసుక్కున్నాను. ఆ విసుగు తల్చుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

ఫిబ్రవరి 10, ఆఖరి రోజు

పదకొండు మందిలో తొమ్మిదిమంది పిల్లల వాలు పై నుంచి కింది దాకా పడకుండా వచ్చారు. మిగిలిన ఇద్దరూ ఒకే ఒక్కసారి పడ్డారు. నేను రెండు మలుపులు తిరిగాను. కుడికి తిరగాలంటే ఎడమ కాలు నొక్కాలి. ఈ ఒక్క ముక్క ఒంటికి ఎక్కడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

సాయంత్రం గురువు గ్లవ్ చూశాను. బొటనవేలు దగ్గర కుట్టు విడిపోయి, లోపలి దూది బయటికొచ్చింది. ఆ చేత్తోనే రోజంతా మమ్మల్ని లాగి లేపాడు. గదికి రమ్మని, సంచిలో నుంచి సూది, మైనం రాసిన దారం తీసి, బుఖారీ దగ్గర కూర్చుని రెండు వరసలు కుట్టాను. తోలు గట్టిగా ఉండి వేలికి గుచ్చుకుంది. ఆయన అక్రోట్లు పగలగొట్టి పెడుతూ కబుర్లు చెప్పాడు, భాయ్ తెలుగులో మాకు చెప్పాడు.

ఈ ఏడు జనవరి చివరి దాకా గుల్మార్గ్‌లో మంచు పడలేదట. వాళ్లకీ మన కార్తెల్లాంటి లెక్కలున్నాయి. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, పెద్ద చలి. తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత పది రోజులు చిల్లై బచ్చా. పెద్ద చలిలో పడిన మంచే గట్టిపడి నిలుస్తుంది, ఎండాకాలం దాకా మెల్లగా కరిగి వాగుల్లో పారుతుంది, ఆపిల్ తోటలకి నీళ్లిస్తుంది. ఈసారి దాదాపు ఆ నలభై రోజులూ ఎండిన గడ్డే. రోజూ పొద్దున పలకలు భుజాన వేసుకుని వాలు దగ్గరికొచ్చేవాడట, సాయంత్రానికి ఉత్త చేతులతో ఇంటికి. జనవరి చివర్లో మంచు మొదలైంది. మేం వచ్చింది ఆ తర్వాత వారానికి. ఈ సీజన్‌లో తన మొదటి పెద్ద బేరం మేమేనని అప్పుడు చెప్పాడు.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మా సోమశిల సంగతి చెప్పాడు. పెన్న మీద 78 టీఎంసీల రిజర్వాయరు, నిండితే మా కాలవలకి రెండు పంటలు పండుతాయి, నిండని ఏడు రైతు గట్టు మీద నిలబడి ఆకాశం చూస్తాడు. "గట్టు మీద నిలబడటం నాకు తెలుసు అబ్బయ్యా" అన్నాడు. భాయ్ దాన్ని ఉర్దూలో చెప్పడానికి రెండుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాడు. గురువుకి అర్థమైనట్టే ఉంది. బాబాయి చెయ్యి పట్టుకున్నాడు.

ఫిబ్రవరి 11, కిందికి

పొద్దున బండి దగ్గరికి గురువు వచ్చాడు, కుట్టిన గ్లవ్‌తోనే. పొట్లంలో శేరు అక్రోట్లు. మేం మిగిలిన కందిపొడి, ఆవకాయ జాడీ ఇచ్చేశాం. కారం జాగ్రత్తని భాయ్ మూడుసార్లు చెప్పాడు.

మాటల్లో భాయ్ రొట్టెల పండుగ గురించి చెప్పాడు. మొహర్రంకి నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువుకి ఒక రొట్టె, పెళ్లికి ఒకటి, ఆరోగ్యానికి ఒకటి. మతం ఎవరూ అడగరు. గురువు శ్రద్ధగా విని, మంచు కోసం కూడా రొట్టె ఉందా అని అడిగాడు.

భాయ్ బాబాయి వైపు చూశాడు.

"మంచు రొట్టె అని ఎవురూ తేరు" అన్నాడు బాబాయి. "పంట కోసరమని పట్టుకుంటా. ఆ అబ్బయ్యకి మంచే గదా పంట."

ఈ ఏడు మొహర్రం జులైలో. చెరువు దగ్గరికి పోయే ముందు ఫోన్ చెయ్యమన్నాడు గురువు. నీళ్లలో నిలబడి ఉండగానే చేస్తామని చెప్పి బండెక్కాం.